కాళ్ళు చూసే ఇంటి నుంచి వచ్చిన అధ్యాపకులు

1991 ఆగస్టు పన్నెండవ తేదీ సోమవారం ఉదయం, పలాసలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో జంతుశాస్త్ర ఉపన్యాసకులుగా సంతకం పెట్టి విధులలో చేరిన డాక్టర్ పోతురాజు గారు, ఈ నెలాఖరున మన టెక్కలి కళాశాల నుంచి పదవీ విరమణ చేయనున్నారు. పేరు మొదట్లోనే 'పోతు' ఉన్నా, గంట మోగకముందు తరగతి వదిలి పోయిన రోజు వారి ఉద్యోగ జీవితంలో ఒక్కటీ లేదని శత్రువులు కూడా ఒప్పుకుంటారు. శత్రువులంటే మరెవరో కాదు, ఆ గంట కోసం ఎదురుచూసిన విద్యార్థులే.

ఈ ప్రత్యేక సంచికలో నవ్వించే వ్యాసం రాసే బాధ్యత ప్రతిసారీ నా మీదే పడుతుంది. ఎవరు విరమించినా నేను రమించాలి. ఈసారి మాత్రం నవ్వుతోపాటు భయాన్ని కూడా రాయవలసి వచ్చింది. రాయమని ఆదేశించినది స్వయంగా పోతురాజు గారే. "మాస్టారూ, మా ఇంట్లో ఇది దాచుకోబట్టే మూడు తరాలు దీనికి వేరే పేరు పెట్టుకున్నాం. సంచికలో వెయ్యండి. మా వాళ్ళూ చదువుతారు," అన్నారు. వారి అక్కగారు ముసలమ్మ, అన్నగారు సూర్యం, కుమార్తె ప్రవల్లిక ఈ వ్యాసాన్ని చదివించుకుని, సరేనన్న తరువాతనే అచ్చుకు పంపాను.

పోతురాజు గారు భావనపాడు పక్కనున్న మత్స్యకారుల పేటలో జన్మించారు. తండ్రిగారు తండేలు, అనగా పడవలోని వారందరినీ నడిపించే పెద్ద. ఎగసిపడే అల మీద నిలబడి వల లాగిన ఆ మనిషి, నలభై ఐదేళ్ళు దాటేసరికి కదలని ఇసుక మీద నిలబడలేకపోయారు. తాగాడన్నారు. తాగని రోజుల్లోనూ తూలుతుంటే, సంద్రం కాళ్ళకెక్కిందన్నారు. చాలాసేపు వేట చేసి ఒడ్డుకు దిగినవారికి కాసేపు నేల ఊగినట్టుండడం ఆ పేటలో అందరికీ అనుభవమే. కొందరికి మాత్రం ఎక్కిన సంద్రం దిగదని, చివరికి మాటనూ మింగుడునూ కూడా తీసుకుపోతుందని వారి నమ్మకం. పోతురాజు గారి తాతగారికీ అలాగే ఎక్కిందట.

దానితో ఆ ఇంట ఒక అలవాటు పుట్టింది. ఏ ఇంట్లోనైనా బయటి నుంచి వచ్చినవారి ముఖం చూస్తారు, చేతిలో సంచి చూస్తారు. ఆ ఇంటి ఆడవారు కాళ్ళు చూస్తారు. తల్లి మంగమ్మ గారు గుమ్మంలో కూర్చుని, ఒడ్డు నుంచి వచ్చే మగవారి అడుగు నేరుగా పడుతున్నదా, పక్కకు పడుతున్నదా అని చూసి, ఆ తరువాతనే అన్నం వడ్డించేవారట. భర్త కన్నుమూసిన ఏడాది ఆవిడ తన పిల్లల సంగతి పేట పెద్దల ముందు తేల్చి చెప్పేశారు: "నా గుంటలు నీటిలో కాలెట్టరు. కూలికెల్తారో, సదూకుంటారో, అడుక్కుతింటారో. సంద్రం మాత్రం వొద్దు."

పెద్దకొడుకు సూర్యం గారిని పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీలో పెట్టారు. చిన్నకొడుకును టెక్కలి హాస్టలుకు పంపారు. కూతురు ముసలమ్మ గారి గురించి ఎవరూ బెంగపడలేదు. ఆడది పడవ ఎక్కదు కనుక ఆమెకు సంద్రమూ ఎక్కదు, చేపల గంప మాత్రమే నెత్తికెక్కుతుంది. మనవారు చదువుకోవడానికి రకరకాల కారణాలుంటాయి. పోతురాజు గారు మాత్రం కేవలం ఒక తప్పుడు సిద్ధాంతం పుణ్యమా అని శాస్త్రవేత్త అయ్యారు.

పలాసలో ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో వారు అన్నగారి గదిలోనే ఉన్నారు. జీడి నూనెకు నల్లబడిన వేళ్ళతో సూర్యం గారు వండిన చారన్నం తిని, తమ్ముడుగారు భావనపాడు మొగలో, అనగా ఏరు సముద్రంలో కలిసే చోట, దొరికే పీతల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. జీవితమంతా అడ్డంగా నడిచే ప్రాణిని పట్టుకుని పైకి వచ్చిన నిలువైన మనిషి వారు. 1999లో డిగ్రీ ఉపన్యాసకులుగా పదోన్నతిపై టెక్కలి వచ్చారు. ఆ తరువాత కొన్నేళ్ళకు తెలుగు చెప్పడానికి నేను దిగాను. వారిది కణం, నాది వ్యాకరణం. నేను సంధులు చెబితే, వారు పీత, రొయ్య వంటి సంధిపదులు చెప్పేవారు. మా రెండు గదుల మధ్య గోడ ఒక్కటే కావడంతో, నా గొంతు వారి విద్యార్థులకూ వారి పీతల వాసన నా విద్యార్థులకూ ఉచితంగా అందేవి.

తిత్లీ తుపాను మన ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలకు పరిచిన రోజులలో, కళాశాల పిల్లలను వెంటబెట్టుకుని కవిటి నుంచి పూండి దాకా తాగునీరు పంచినది వారే. ఆ సేవకు వచ్చిన ప్రశంసాపత్రం ఇప్పటికీ ప్రయోగశాలలో పీత సీసాల వెనుక ఉన్నది. నేను అడిగితే, "అక్కడైతే దుమ్ము పడదు మాస్టారూ," అన్నారు. దుమ్ము దాని మీద పడింది; పొగడ్త దుమ్ము ఆయన కంట్లో మాత్రం పడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. వారికి ప్రవల్లిక పుట్టినప్పుడు మంగమ్మ గారు పేటలో ఇంటింటికీ బెల్లం పంచారు. "ఓలమ్మా, ఆడగుంట పుట్టింది! దీనికి పడవ నేదు, సంద్రం నేదు, ఊగడం నేదు," అని పిలిచి పిలిచి చెప్పారట. మగపిల్లవాడు పుడితే భయపడి, ఆడపిల్ల పుడితే ఊపిరి పీల్చుకునే ఇల్లు నాకు తెలిసి మన జిల్లాలో అదొక్కటే.

ఆ ఊపిరి ఎక్కువ కాలం నిలవలేదు. యాభై దాటని సూర్యం గారు బట్టీలో బస్తా మోస్తూ పక్కకు ఒరిగిపోసాగారు. మన ఉద్దానంలో మనిషి నీరసపడితే ఏం తిన్నావని అడగం, క్రియేటినిన్ ఎంతని అడుగుతాం. మూత్రపిండాల జబ్బు అంతగా కాపురం పెట్టిన నేల ఇది. సూర్యం గారికీ అదే పరీక్ష చేయించారు. అంకె బాగుంది. ఇంకేం, గండం గడిచిందని బంధువులందరూ సంబరపడి, ఊగుతున్న మనిషిని ఊగుతూనే ఇంటికి తెచ్చుకున్నారు. ఏడాది గడిచింది. ఊగడం ఆగలేదు. చూపు ఒక చోటి నుంచి మరో చోటికి జరగడానికి కూడా తడబడసాగింది. అప్పుడు మంగమ్మ గారు చిన్నకొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగారు.

"సంద్రం మొకం సూడనోడికి సంద్రం ఎలాగెక్కింద్రా?"

పోతురాజు గారికి సమాధానం తెలుసు. ప్రతి ఏటా మూడవ సంవత్సరం విద్యార్థులకు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతున్నది అదే. చెబుతూ చెబుతూ అది తమ ఇంటి బొమ్మేనని ఆ క్షణం దాకా వారికి తట్టలేదు. విశాఖపట్నంలో ఒక నరాల వైద్యులు సూర్యం గారికి పరీక్ష చేయించి నిర్ధారించారు. అది సంద్రం కాదు. తండ్రి నుంచో తల్లి నుంచో బిడ్డకు సంక్రమించే, చిన్నమెదడును క్రమంగా తినివేసే జన్యువ్యాధి.

ఆ పాఠాన్ని వారు నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు గనుక మీకూ చెబుతాను. మన జన్యువు అక్షరాలతో రాసిన వాక్యం వంటిది. వీరి ఇంటి జన్యువులో సి, ఎ, జి అనే మూడక్షరాల మాట ఒకటి వెంటవెంటనే వస్తుంది. అందరిలోనూ ఇరవై పైచిలుకు సార్లు వస్తుంది, ఇబ్బంది లేదు. ముప్పై దాటి ఇంకా సాగితే, ఆ వాక్యాన్ని చదివి కణం తయారుచేసే ప్రోటీనుకు పొడవాటి తోక మొలుస్తుంది. ఆ ప్రోటీను సరిగా మడత పడదు. తనలో తాను చిక్కుపడి, మరికొన్నింటిని చిక్కించుకుని, నరకణంలో గడ్డలు కడుతుంది. శరీరాన్ని తూకంగా నిలబెట్టే చిన్నమెదడు కణాలు ఏళ్ళ తరబడి నలిగి నశిస్తాయి. మా కావ్యశాస్త్రంలో దీనిని పునరుక్తి దోషమంటాం, మార్కులు తగ్గిస్తాం. అక్కడ తగ్గేవి మార్కులు కావు.

ఇంతకన్నా భయపెట్టేది మరొకటున్నది. ఆ పునరుక్తి తరం మారేటప్పుడు, ముఖ్యంగా తండ్రి నుంచి బిడ్డకు వచ్చేటప్పుడు ఇంకా పొడవయ్యే ప్రమాదమున్నది. అప్పుడు తండ్రికి ముసలితనంలో రాబోయేది బిడ్డకు ముప్పైలోనే రావచ్చు. తండ్రికి ఇంకా ఏ లక్షణమూ కనబడకపోయినా సరే. ఆడ, మగ తేడా దానికి లేదు. ముసలమ్మ గారు భావనపాడు రేవులో నడుస్తూ నడుస్తూ గంపతో సహా ఒరిగిపోయిన రోజున ఆ సంగతి పేటంతటికీ తెలిసింది. మంగమ్మ గారు అప్పటికి మంచం పట్టి ఉన్నారు. "నీకూ ఉందేట్రా?" అని చిన్నకొడుకును అడిగితే, "తెలీదమ్మా," అన్నారు ఆయన. ఆ జవాబు పట్టుకునే ఆవిడ వెళ్ళిపోయారు.

తెలుసుకోవడానికి రక్తపరీక్ష ఉన్నది. పోతురాజు గారు దాదాపు పుష్కరకాలం ఆ పరీక్ష చేయించుకోలేదు. ఎప్పుడూ కుర్చీలో కూర్చోని అధ్యాపకులు ఆ ఒక్క పాఠం మాత్రం బల్ల అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని చెప్పేవారని పాత విద్యార్థులు అంటుంటారు. బంధువులు ఓదార్చేవారు: ముగ్గురిలో ఇద్దరికి వచ్చేసింది గనుక మూడోవారిని వదిలేస్తుందని. తండ్రికో తల్లికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. ఆ నాణెం అంత మర్యాద గలది కాదు. ఎగరేసిన ప్రతిసారీ సగం ఇటు, సగం అటే.

కిందటి వేసవిలో వారు పేటలో బంధువులందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఈ జబ్బు గురించి చెప్పాలని సంకల్పించారు. మైకు లేని చోట మైకుగా పనికివస్తానని నన్ను వెంట తీసుకువెళ్ళారు. ఎండబెట్టిన చేపల పక్కన పాత తెరచాప నీడలో సభ. సంద్రం ఎక్కదని, రక్తంలోనే వస్తుందని, పూర్తిగా ఆపే మందు ఇంకా లేదని, సాధన చేస్తే నడక కొంతకాలం నిలబెట్టుకోవచ్చునని వారు వివరించారు. చెడ్డ జన్యువు పంపే ఆజ్ఞను కణం చదవకముందే మధ్యదారిలో పట్టుకుని ముక్కలు చేసే ఔషధాల కోసం పరిశోధనలు సాగుతున్నాయని చెప్పారు. ఎలుకలలో అవి ఆశ కలిగించాయని, ఇలాంటిదే మరొక జబ్బులో మనుషుల మీద ప్రయోగాన్ని మధ్యలో ఆపవలసి వచ్చిందని కూడా దాచకుండా చెప్పారు.

సూర్యం గారి అబ్బాయి, కవిటిలో ఆటో నడిపే యువరాజు లేచి నిలబడ్డాడు. "సిన్నాన్నా, మందు నేదంతన్నావు. మందు నేని జబ్బుకి పరీచ్చెందుకు? తెలిసినాక పడుకుంటే నిద్దరొత్తాదా?"

"బలవంతం లేదురా. ఎవరిష్టం వాళ్ళది. పిల్లల్ని కనాలనుకునేవాళ్ళకి ముందే తెలిస్తే దారులుంటాయి. మందొచ్చిన రోజున ఎవరికివ్వాలో తెలుస్తుంది. తెలీకపోతే భయం మాత్రం ఉంటుంది కదా, దానికన్నా..."

"దానికన్నా ఏటి?" ముసలమ్మ గారు అందుకున్నారు. కూర్చున్నా ఆమె తల సన్నగా ఊగుతూనే ఉన్నది. "తమ్ముడా, ఊరందరికీ సూది గుచ్చమని సెప్తన్నావు. నీ సెయ్యి ఇలా సూపించు."

పోతురాజు గారు చొక్కా చేతి గుండీ సర్దుకున్నారు.

"సూపించరా. ఏ సేతికి గుచ్చినారు నీకు? సదుకున్నోడివి, నీకూ బయ్యమేనేటి?"

"అక్కా..."

"నాకు ఒచ్చేసింది, నాకింక బయ్యం నేదు. ఈ గుంటడికి బయ్యం. నీకు బయ్యం. మరి మా ముందు ఏటి పాటం సెప్తన్నావు?"

నవ్వించడమే వృత్తిగా పెట్టుకున్న నేను ఆ సమయంలో ఒక చమత్కారం విసిరాను. అది ఎండుచేపల మీద పడింది. ఎవరూ తీయలేదు.

తిరుగు దారిలో నౌపడ గేటు పడింది. కారు ఆపి, ఉప్పుమళ్ళ వైపు చూస్తూ వారు కూర్చున్నారు. గూడ్సుబండి వచ్చింది, పోయింది, గేటు లేచింది. వెనుకనున్న ఆటోవాడు, "ఏటి మావా, ఇక్కడే కాపరం ఎట్టేత్తావేటి?" అని అరిచాడు. అప్పుడు బండి తీస్తూ పోతురాజు గారు అన్న మాట ఇది.

"ఊగడానికి భయం లేదు మాస్టారూ. మా అన్నయ్య ఊగడం లేదా, అక్క ఊగడం లేదా? ప్రవల్లికకి ఇచ్చినవాణ్ణి నేనే అని తేలిపోతుందే, దానికి భయం. తేలనంత కాలం నేను మామూలు తండ్రిని."

ప్రవల్లిక శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగి. భర్త గోవింద్‌కు పెళ్ళికి ముందే అంతా చెప్పి, ఆలోచించుకోమని గడువిచ్చి చేసుకున్న ధీర. ఆ తరువాతి ఆదివారం నేను వారింట భోజనానికి ఉండగానే తండ్రిని అడిగింది.

"నాన్నా, మేం బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం. నువ్విస్తావా రక్తం, నన్నిమ్మంటావా?"

"నువ్వెందుకమ్మా తొందరపడ్డం..."

"నాకుందని తేలితే నీకూ ఉన్నట్టే. నీకు చెప్పకుండా దాచడం నా వల్ల కాదు. నా మొహం చూస్తే నీకు తెలిసిపోతుంది. నీకు లేదని తేలితే నేను పరీక్షే చేయించుకోనక్కర్లేదు. లెక్క నువ్వు నేర్పిందే."

"ఉందని తేలితే?"

"అప్పుడు నా సంగతి నేను ఆలోచించుకుంటాను. కానీ నాన్నా, ఇచ్చావని నిన్నెప్పుడూ అడగను. నీకు తాతయ్య ఇచ్చాడు. తాతయ్యని నువ్వు అడిగావా?"

పోతురాజు గారు కలిపిన ముద్ద అలాగే పళ్ళెంలో విడిచి లేచారు. చేయి కడుక్కుని వచ్చి, తుడుచుకోకుండానే కూతురి తల మీద పెట్టారు. నీళ్ళు ఆమె నుదుటి మీదుగా కారుతుంటే ఆమె తుడుచుకోలేదు.

అంతే. విశాఖపట్నంలో ముందుగా వారితో మాట్లాడిన సలహాదారు, నిజంగా తెలుసుకోవాలని ఉందా అని మళ్ళీ మళ్ళీ అడిగి, ఆలోచించుకుని రమ్మని ఇంటికి పంపి, రెండోసారి వచ్చాకే పోతురాజు గారి రక్తం తీయించారు. ఆ ఫలితాన్ని ఫోనులో చెప్పరట. మనిషి ఎదుట కూర్చుంటేనే చెబుతారు. ఈ సంచిక మీ చేతికి అందేనాటికి అది తెలియదు. అభినందన సభలో వారికి శాలువా కప్పేనాటికీ తెలియదు. విరమణ అయిన తరువాతి నెలలో తండ్రీకూతుళ్ళు కలిసి వెళ్ళాలని నిశ్చయమయింది. గోవింద్ కారు నడుపుతారు.

మొన్న స్టాఫ్ రూములో వారు నన్ను పక్కకు పిలిచారు. "మాస్టారూ, మీరూ రావాలి."

"నేనెందుకు సార్? అక్కడ వ్యాకరణ దోషాలు దిద్దే పనేమైనా ఉందా?"

"వెళ్ళేటప్పుడు అక్కర్లేదు. వచ్చేటప్పుడు. ఏది చెప్పినా సరే, విశాఖ నుంచి టెక్కలి దాకా మీరు ఆపకుండా మాట్లాడాలి. కారులో నిశ్శబ్దం ఉండకూడదు. పిల్ల ఉంటుంది."

వస్తానన్నాను. ఇరవై ఏళ్ళుగా గోడ అవతలి నుంచి నా గొంతు భరించిన మనిషి, కోరి అడిగిన ఏకైక ఉపన్యాసం అది. ఆ రోజు నుంచి తయారవుతున్నాను. లేదని తేలిన తిరుగు ప్రయాణానికి సరిపడా మాటలు ఒక్క సాయంత్రంలో సిద్ధమైపోయాయి. కారు పైకప్పు ఎగిరిపోయేటన్ని ఉన్నాయి. రెండో రకం ప్రయాణానికి, తెలుగు చెప్పి పొట్టపోసుకున్న నాకు, ఈ పూట దాకా ఒక్క వాక్యమూ దొరకలేదు. వెతుకుతూనే ఉంటాను. దొరకకపోతే అర్థంలేని మాటలైనా సరే, టెక్కలి వచ్చేదాకా ఆపను.

ముసలమ్మ గారికి, సూర్యం గారికి మేలు చేసే మందు వారి కాలంలోనే రావాలని, యువరాజు వంటి యువకులకు నిద్ర పట్టే రోజు రావాలని, ప్రవల్లిక, గోవింద్ తలపెట్టిన సంసారం చల్లగా సాగాలని, నేను సిద్ధం చేసుకున్న మాటలే చెల్లుబాటు కావాలని, మన పోతురాజు గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిలకడైన అడుగులతో, నిండు నూరేళ్ళు మన మధ్య తిరుగాడాలని కోరుతున్నాను. ఇటువంటి వాక్యం ఇంతకు ముందు ఎన్నో సంచికలలో ఎందరికో రాశాను. అక్షరమక్షరమూ నిజంగా కోరుకుంటూ రాయడం ఇదే మొదటిసారి.